ముందు నర్సమ్మకు నమ్మకం కుదరాలి

2009 జులైలో బ్రిటన్ పత్రికల్లో ఒక అంకె మారుమోగిపోయింది: 65,000. స్వైన్ ఫ్లూతో అంతమంది చనిపోవచ్చని వార్త. నిజానికి ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి లియామ్ డొనాల్డ్‌సన్ చెప్పింది జోస్యం కాదు. పరిస్థితి పూర్తిగా చేయి దాటితే ఆసుపత్రులు ఎంతవరకు సిద్ధపడాలో చెప్పే లెక్క అది. ఆ తేడా జనానికి చేరలేదు. చివరికి దేశం మొత్తంమీద మరణాలు 457. అంతమంది ఇళ్లలో చావు జరిగినా, జనం మాత్రం ‘ఇంతోటి దానికా అంత హడావిడి’ అనుకున్నారు.

జనం సంగతి అలా ఉంచితే, ఆసుపత్రుల్లో జరిగింది ఇంకా ఆలోచించాల్సిన విషయం. ముందు వరసలో ఉన్న వైద్య సిబ్బందికి టీకా ముందుగా ఇస్తామన్నారు. ఇంగ్లండ్‌లో పదిమందికి నలుగురే వేయించుకున్నారు. వాళ్లు తెలియనివాళ్లు కారు. ఇంత త్వరగా తయారైన టీకా క్షేమమేనా? ఎక్కువమందికి మామూలు జ్వరంలా వచ్చిపోతుంటే నాకెందుకు? 1976లో అమెరికా ఇలాగే టీకాలు వేసి, కొందరికి నరాల జబ్బు రావడంతో మధ్యలో ఆపేయలేదా? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలు. ఎదురుగా కూర్చుని ఓపిగ్గా జవాబు చెప్పాల్సినవి. గోడమీది పోస్టరు వల్ల అయ్యే పని కాదది.

ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకేసి పొరపాటు చేసింది. ఆరున్నర కోట్ల జనాభాకు 9.4 కోట్ల డోసులు కొనాలనుకుంది. వాటిని వేయడానికి వ్యాయామశాలల్లాంటి చోట్ల కేంద్రాలు తెరిచింది. ఏళ్ల తరబడి ఇంటిల్లిపాది నాడి పట్టిన ఫ్యామిలీ డాక్టర్లను మాత్రం పక్కన పెట్టింది. టీకా గురించి భయం పుట్టినప్పుడు జనం అడిగేది ఆ డాక్టర్లనే కదా! వాళ్ల చేతిలో టీకా లేదు, చాలామందికి దానిమీద గురీ కుదరలేదు. 2010 జనవరిలో ప్రభుత్వం దిగొచ్చి వాళ్లకు అనుమతిచ్చేసరికి జబ్బు తగ్గుముఖం పట్టింది. టీకా వేయించుకున్నవాళ్లు 60 లక్షలు దాటలేదు. 5 కోట్ల డోసుల ఆర్డరు రద్దయింది.

ఇది పరాయి దేశాల గొడవ కాదు. భారత్‌లో ఆ ఫ్లూ తొలి కేసు 2009 మేలో తేలింది హైదరాబాద్‌లోనే. 2015లో అక్కడి గాంధీ ఆసుపత్రి మళ్లీ అదే జబ్బుతో సతమతమైంది.

మన ఊళ్లలో మంత్రి ప్రకటన కన్నా ఆశా కార్యకర్త మాటకు, నర్సమ్మ (ఏఎన్‌ఎం) మాటకు విలువెక్కువ. ‘నువ్వు వేయించుకున్నావా అమ్మా?’ అని నర్సమ్మను అడుగుతారు. ఆమె తడబడితే టీవీలో ఎన్ని ప్రకటనలు మోగినా దండగే. అందుకే కొత్త జబ్బు గురించి పత్రికలకు చెప్పేలోపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆమెకు చెప్పాలి. తెలిసిందేమిటో, ఇంకా తేలనిదేమిటో రెండూ చెప్పాలి. ఆమె అనుమానాలు రాసుకుని జవాబివ్వాలి. అంచనా మారితే ఆ రోజే ఫోను చేసి చెప్పాలి, మర్నాటి పత్రికలో చదివి తెలుసుకునే గతి ఆమెకు పట్టకూడదు.