కరెంటు బిల్లు మీద ఏడుపు సరే, విచారణకి ఎప్పుడైనా వెళ్ళారా?

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఏటా మే నెలలో ఒక పండగ జరుగుతుంది. కరెంటు బిల్లుల పండగ. ముందు ఒకాయన బిల్లు ఫోటో పెడతాడు. "మాది ఇంకా ఎక్కువండీ" అని ఇంకొకాయన తనది పెడతాడు. ఆ తర్వాత దోపిడీ, దొంగలు, ఈ దేశం బాగుపడదు, సింగపూర్‌లో అయితేనా... రాత్రి పదకొండింటికి అందరం ఏసీలు వేసుకుని హాయిగా పడుకుంటాం. నూట ఇరవై ఫ్లాట్లు. సగానికి పైగా మనవాళ్ళే, అంటే సాఫ్ట్‌వేరు వాళ్ళే.

అసలు ఈ రేట్లు ఎవరు నిర్ణయిస్తారో తెలుసా అని ఒకసారి అడిగాను. గవర్నమెంటు అన్నారు కొందరు, కరెంటాఫీసు అన్నారు ఇంకొందరు. విద్యుత్ నియంత్రణ మండలి అని ఒక్కరూ అనలేదు. నేనేదో పుడుతూనే తెలుసుకున్నానని కాదు, 2022 దాకా నాకూ తెలీదు.

సంగతేమిటంటే, డిస్కం తనంతట తాను రేటు పెంచుకోలేదు. వచ్చే ఏడాదికి నాకింత ఖర్చవుతుంది, ఈ రేట్లయితే ఇంత వస్తుంది, ఇంత లోటు అని లెక్కలన్నీ మండలి ముందు పెట్టాలి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ఆ దరఖాస్తు జనానికి తెలిసేలా ప్రచురించాలి. జనం పంపిన సలహాలూ అభ్యంతరాలూ పరిశీలించాకే, దరఖాస్తు అందిన 120 రోజుల్లోగా మండలి ఉత్తర్వు ఇవ్వాలి. మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లోకి వెళ్ళేముందు కోడ్ రివ్యూకి పెట్టారు. రివ్యూయర్ల లిస్టులో మన పేరు కూడా ఉంది. ఫైలు తెరవకుండా అప్రూవ్ కొట్టేసి, మే నెలలో ప్రొడక్షన్ పగిలిందని అరుస్తున్నాం.

"అంతా ముందే ఫిక్సయిపోయుంటుంది బాస్, విచారణలన్నీ నాటకం." ఈ మాట అనే పెద్దమనుషులకి ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఏం జరిగిందో చెప్పాలి. ఆ ఆగస్టులో ఏపీ నియంత్రణ మండలి 2014-19 మధ్య ఐదేళ్ళ ఖర్చుల తేడా కింద, ట్రూ-అప్ అనే పేరుతో, సుమారు 3,669 కోట్లు వసూలు చేసుకోమంది. దక్షిణాది డిస్కం పరిధిలో యూనిట్‌కి రూపాయి ఇరవైమూడు పైసలు, తూర్పు డిస్కంలో 45 పైసలు. బిల్లుల్లో వచ్చేసింది కూడా. అప్పుడు ఎవరో హైకోర్టుకి వెళ్ళారు. వాళ్ళ పాయింటు చాలా చిన్నది: ఈ పిటిషన్ల గురించి పేపర్లో ప్రకటన ఇవ్వలేదు, జనాన్ని అడగలేదు. అంతే! మండలి తన ఉత్తర్వు తనే వెనక్కి తీసుకుంది. వసూలు చేసింది తర్వాతి బిల్లుల్లో సర్దుబాటు చెయ్యమంది. మళ్ళీ నోటీసు ఇచ్చి, మళ్ళీ విచారణ పెట్టి, 2022లో సుమారు 2,910 కోట్లకి ఒప్పుకుంది. ఏడొందల కోట్లకి పైగా తేడా. నాటకమైతే ఇంత ఖరీదైన నాటకం నేనింకోటి చూళ్ళేదు.

ప్రతిసారీ ఇలా జరుగుతుందని చెప్పను. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్ళకి యూనిట్‌కి 50 పైసలు పెరిగింది, అభ్యంతరాలు వచ్చినా పెరిగింది. కానీ ఆ 50 పైసల్నే కాస్త దగ్గరగా చూడండి. నాలాంటి వాడి స్లాబులో 9 రూపాయలున్నది 9.50 అయింది, అంటే ఐదున్నర శాతం. నెలకి యాభై యూనిట్లు వాడే ఇంట్లో రూపాయి నలభై ఐదు పైసలున్నది రూపాయి తొంభై ఐదు అయింది. 34 శాతం! అందరికీ సమానంగా 50 పైసలే కదా అని పేపర్లో చదివి నేనూ తలూపాను. కాలిక్యులేటర్ ఉన్న ఫోను జేబులోనే ఉంది, తీసి చూడ్డానికి బద్ధకం. 2024లో డిస్కంలు నెలకి 300 యూనిట్లు దాటిన ఇళ్ళకి కిలోవాటుకి పది రూపాయలున్న ఫిక్స్‌డ్ చార్జీని యాభై చెయ్యమని అడిగాయి. విచారణ తర్వాత మండలి వాళ్ళు అడిగింది అడిగినట్టుగా ఇవ్వలేదు. మా గ్రూపులో ఎవరికీ ఆ ప్రతిపాదన వచ్చిన సంగతీ తెలీదు, ఆగిన సంగతీ తెలీదు.

మరి ఆగినవి ఎవరు ఆపుతున్నారు? మన తరఫున ఏళ్ళ తరబడి ఆ పనిచేస్తున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. జర్నలిస్టు ఎం. వేణుగోపాలరావుగారు, ప్రజా పర్యవేక్షణ బృందం తిమ్మారెడ్డిగారు లాంటివాళ్ళు పేజీలకి పేజీలు అభ్యంతరాలు రాస్తారు. మిగతావాళ్ళలో పరిశ్రమల తరఫువాళ్ళు లాయర్లతో వస్తారు, రైతులు బస్సెక్కి వస్తారు. నెలకి నాలుగైదు వేలు బిల్లు కట్టి ఏడ్చే మన జాతి మాత్రం కనపడదు.

నేను మొదటిసారి వెళ్ళిన విచారణలో నా పరువు నేనే తీసుకున్నాను. మా వీధిలో కరెంటు పోతోందని, ఫోన్ ఎత్తట్లేదని ఆవేశంగా మూడు నిమిషాలు మాట్లాడాను. బాబూ, అది వినియోగదారుల ఫిర్యాదుల ఫోరంలో చెప్పుకోవాలి, ఇక్కడ రేట్ల మీద ఏమైనా ఉంటే చెప్పండి అన్నారు మర్యాదగానే. నా దగ్గర రేట్ల మీద ఒక్క ముక్క లేదు. నా తర్వాత పంచె కట్టుకుని వచ్చిన ఒక రైతు లేచాడు. చేతిలో గుడ్డసంచి, అందులోంచి అంతకుముందు ఏడాది ఉత్తర్వు ప్రింటు తీశాడు. "అయ్యా, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు మోసే ఖర్చు రైతుది కాదని మీరే ఈ పేజీలో రాసిండ్రు. మరి మా ట్రాక్టరు కిరాయి ఎవరిస్తరు?" పేజీ నంబరు చెప్పి మరీ అడిగాడు. పదిహేనేళ్ళుగా రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లు చదివి బతుకుతున్నవాణ్ణి, నేను ఆ ఉత్తర్వు తెరవనైనా లేదు.

టైం లేదంటారా? నవంబరు దాటాక పేపర్లో ప్రకటన వస్తుందేమో చూసుకోవాలి (ఆలస్యమైన ఏళ్ళూ ఉన్నాయి). అభ్యంతరం తెలుగులో రాసినా తీసుకుంటారు. పేరు, చిరునామా రాసి డిస్కంకి ఒక కాపీ, మండలికి ఒకటి పంపాలి. స్వయంగా మాట్లాడతారో లేదో చెప్పాలి. డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాలి. మీ ప్రశ్న, వాళ్ళ జవాబు, దానిపై మండలి అభిప్రాయం, అన్నీ ఉత్తర్వులో అచ్చవుతాయి.

ఏం అడగాలో తెలీదంటే మాత్రం నేనొప్పుకోను. డిస్కం ఖర్చులో సింహభాగం కరెంటు కొనడానికే పోతుంది. వచ్చే ఏడాది ఎంత కావాలన్న అంచనా మీద అది ఆధారపడుతుంది. అంచనా ఎక్కువ వేసి ఒప్పందాలు చేసుకుంటే, వాడని కరెంటుక్కూడా ప్లాంటుకి స్థిర చార్జీ కట్టాలి. క్లౌడ్‌లో ఏడాదికి సర్వర్లు రిజర్వు చేసుకుని ఖాళీగా ఉంచి, బిల్లు చూసి మేనేజరు గుండె పట్టుకోవడం మీరు చూసే ఉంటారు. అదే కథ! గత మూడేళ్ళ అంచనాలు ఒక కాలమ్‌లో, అసలు వాడకం పక్క కాలమ్‌లో పెట్టి తేడా తీస్తే చాలు, ప్రశ్న దానంతటదే తయారవుతుంది. ఇది ఫ్రెషర్‌కిచ్చే పని.

ఆలస్యం చేస్తే అడిగే చోటు కూడా తగ్గిపోతోంది. ఆంధ్రలో 2023 ఏప్రిల్ నుంచి ఇంధన సర్దుబాటు పేరుతో యూనిట్‌కి 40 పైసల దాకా నెలనెలా ముందస్తు విచారణ లేకుండానే బిల్లులో వేసుకునే వీలు వచ్చింది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఈ కరెంటు చార్జీల గురించే రోడ్డెక్కితే కాల్పుల్లో ముగ్గురు పోయారు. మనల్ని ఎవరూ రోడ్డెక్కమనట్లేదు, ఒక ఉత్తరం రాయమంటున్నారు.

రెండోసారి నేను రాసింది పేజీన్నర. అంచనాకీ అసలుకీ తేడా ఎందుకొచ్చింది, ఆ తేడాకి కట్టిన స్థిర చార్జీ ఎంత అని. మొదటి ప్రశ్నకి నాలుగు లైన్ల జవాబొచ్చింది, రెండో దానికి రాలేదు. ఈసారి రెండోదే మొదట పెట్టాను. నా ఎక్సెల్ షీటు కావాలంటే అడగండి, పంపిస్తా. ఫార్ములాల్లో తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి, విచారణలో డిస్కం వాళ్ళు పట్టుకునేకంటే ముందే.