పారవేయని మన్ను



దేవుడు యిర్మీయా ప్రవక్తను కుమ్మరి ఇంటికి పంపిన సంగతి మనమందరం ఎరిగినదే. కుమ్మరి చేస్తున్న కుండ అతని చేతిలోనే చెడిపోయింది. అయినా అతడు ఆ మన్నును పారవేయలేదు. అదే మన్నుతో ఇంకొక పాత్ర చేశాడు. ఈ మాట ప్రసంగంలో వినడానికి బాగానే ఉంటుంది. చెడిపోయిన కుండ మనమే అయినప్పుడు, లేక మన కుమారుడే అయినప్పుడు, దాన్ని నమ్మడం కష్టం. అందుకే ఈ నెల ఒక విశ్వాసి జీవితాన్ని మీ ముందుంచుతున్నాము. అతడు బోధకుడు కాడు, మిషనరీ కాడు. అమెరికాలో బేస్‌బాల్ ఆడి కుటుంబాన్ని పోషించుకున్నవాడు. పేరు ఆర్.ఏ. డిక్కీ.

బేస్‌బాల్ మన పల్లెల్లో ఆడే ఆట కాదు గనుక ఒక మాట చెప్పాలి. క్రికెట్‌లో బౌలర్ ఎటువంటివాడో అందులో పిచ్చర్ అటువంటివాడు. 60 అడుగుల పైచిలుకు దూరంలో నిలబడినవాని ముందుకు బంతిని నేల తాకనివ్వకుండా విసరాలి. గంటకు 145 కిలోమీటర్లకు మించిన వేగంతో విసిరేవారు అక్కడ ఎందరో ఉన్నారు. రైతుకు పొలం ఎంతో, పిచ్చర్‌కు తన చేయి అంత.

డిక్కీ 1974లో టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ పట్టణంలో పుట్టాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో అమెరికా జట్టు తరఫున ఆడి కాంస్య పతకం అందుకున్నాడు. అదే ఏడు టెక్సాస్ రేంజర్స్ అనే పెద్ద జట్టు అతణ్ణి ఎంచుకొని, 8 లక్షల 10 వేల డాలర్లు ఇస్తామన్నది. ఇంతలో ఒక పత్రికలో అచ్చయిన ఫోటోలో అతని కుడి చేయి ఏదో తేడాగా వ్రేలాడుతున్నట్టు జట్టువారు గమనించారు. పరీక్షలు చేయించారు. మోచేతి దగ్గర ఎముకలను కలిపి పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంటు అతనికి లేనే లేదు! తలుపు పిడి తిప్పినా నొప్పి పుట్టవలసిన చేయి అది. 8 లక్షల 10 వేలు కాస్తా 75 వేలకు దిగింది. డిక్కీ ఆ 75 వేలకే ఒప్పుకొని ఆటలో దిగాడు.

ఆ తరువాతి కాలమంతా తిరుగుడే. 2001లో మేజర్ లీగ్‌లో మొదటిసారి ఆడాడు గాని నిలదొక్కుకోలేదు. కొన్నాళ్ళు పై జట్టులో, ఎక్కువ కాలం ఓక్లహోమాలోని క్రింది జట్టులో గడిచింది. క్రింది జట్లలో జీతం తక్కువ, ప్రయాణం ఎక్కువ. ఏ ఊళ్ళో ఎన్నాళ్ళు ఉంటామో భార్యకు తెలియదు, పిల్లలకు తెలియదు. పని కోసం వలస వెళ్ళే మన కుటుంబాలకు ఈ బాధ వేరే వివరించనక్కరలేదు.

2005 నాటికి అతనికి ముప్పై దాటింది. చేతి వేగం తగ్గింది. అప్పుడు జట్టు శిక్షకులు ఉన్నమాట చెప్పారు: ఇప్పుడు విసురుతున్న తీరుతో నీకు భవిష్యత్తు లేదు, నకుల్‌బాల్ నేర్చుకొని అదే విసురు, అని. నకుల్‌బాల్ అంటే వ్రేళ్ళ కొనలతో, గోళ్ళతో బంతిని అదిమి పట్టి, అది తిరగకుండా విసరడం. తిరగని బంతి కుట్ల మీద గాలి సమంగా తగలదు గనుక అది దారిలో ఊగుతుంది, ఎటు పోతుందో విసిరినవానికే తెలియదు. వేగం తక్కువ. ఆ బంతిని నమ్ముకున్నవారు అప్పటికి ఒకరిద్దరే మిగిలారు. చిన్నప్పటి నుండి తనకు గర్వకారణమైన వేగాన్ని వదులుకొని, ముప్పై ఏళ్ళ వయస్సులో మళ్ళీ ఓనమాలు దిద్దడానికి డిక్కీ ఒప్పుకున్నాడు.

మరుసటి ఏడే అతనికి పరీక్ష వచ్చింది. 2006 ఏప్రిల్ 6న డెట్రాయిట్ జట్టు మీద ఆ కొత్త బంతితో మేజర్ లీగ్ ఆట మొదలుపెట్టాడు. ఎదుటివారు అతని బంతులను ఆరుసార్లు హద్దు దాటించారు. ఒక పిచ్చర్‌కు అంతకంటె పెద్ద అవమానం ఉండదు. వెంటనే అతణ్ణి క్రింది జట్టుకు పంపేశారు. 2007లో ఒమాహా పట్టణం దగ్గర మిస్సోరీ నదిని ఈది దాటాలని దిగి, ప్రవాహానికి కొట్టుకుపోయి, ప్రాణాల మీదికి తెచ్చుకున్నాడు. తోటి ఆటగాడు గట్టు మీదికి లాగాడు.

చేతి లోపం కంటె పెద్ద లోపం మరొకటి అతడు దాచుకొని ఉన్నాడు. చిన్నతనంలో తనపై జరిగిన లైంగిక దౌర్జన్యాన్ని అతడు ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పలేదు. బడిలో చదివే రోజుల్లోనే క్రీస్తును అంగీకరించినా, ఆ గాయాన్ని మాత్రం వెలుగులోకి తేలేదు. దాని భారం వివాహాన్ని కూడా కూల్చేంత వరకు వచ్చింది. ఆ సంవత్సరాల్లోనే క్రైస్తవ సలహాదారుని దగ్గర నోరు విప్పాడు. 2012లో తన జీవితకథలో లోకమంతటికీ చెప్పాడు. కుమ్మరి మన్నును మళ్ళీ పిసకడం మొదలుపెట్టినది అక్కడేనని మేము తలుస్తున్నాము.

ఇంకొక సంగతి మమ్మును ఎంతో కదిలించింది. చార్లీ హఫ్, ఫిల్ నీక్రో, టిమ్ వేక్‌ఫీల్డ్ అనే పేరుగల నకుల్‌బాల్ పిచ్చర్లు తమ విద్యను అతనికి దాచకుండా నేర్పారు. వారిలో వేక్‌ఫీల్డ్ అప్పటికి ఎదుటి జట్టులో ఆడుతున్నవాడు! వచ్చిన విద్యను పక్కవానికి చెబితే తన కూడు పోతుందని భయపడే లోకంలో ఇది అపురూపం.

2008లో సియాటిల్, 2009లో మిన్నెసోటా, 2010లో న్యూయార్క్ మెట్స్. అక్కడ కూడా మొదట క్రింది జట్టుకే పంపారు. కాని ఈసారి పైకి పిలిచిన తరువాత అతడు నిలిచాడు. 2012లో 20 ఆటలు గెలిపించి, 6 మాత్రమే ఓడి, శ్రేష్ఠమైన పిచ్చర్‌కిచ్చే సై యంగ్ బహుమానం పొందాడు. నకుల్‌బాల్ విసిరేవానికి ఆ బహుమానం రావడం అదే మొదలు. అప్పుడతనికి 38 ఏళ్ళు. మరుసటి నెలలోనే మెట్స్ అతణ్ణి టొరంటో జట్టుకు మార్చివేసింది. మళ్ళీ మూట సర్దుకున్నాడు!

ఈ కథలో మన దేశానికీ భాగమున్నది. 2012 జనవరిలో అతడు ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతం ఎక్కాడు. ముంబయిలో వ్యభిచార కూపాల నుండి స్త్రీలను, పిల్లలను విడిపించే బాంబే టీన్ ఛాలెంజ్ అనే పరిచర్యకు ధనం సమకూర్చడానికే ఆ సాహసం. దెబ్బ తగిలితే ఒప్పందం రద్దు కావచ్చునని జట్టు ముందే హెచ్చరించింది. అయినా వెళ్ళాడు. 2013 జనవరిలో తన ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని ముంబయికే వచ్చాడు. గాయపడిన బాల్యం ఎటువంటిదో ఎరిగినవాడు గాయపడిన పిల్లల దగ్గరకు వచ్చాడు.

2017లో ఆట ముగిసేసరికి అతని లెక్క ఇది: గెలుపులు 120, ఓటములు 118. రెండే ఎక్కువ! బహుమానం వచ్చిన ఒక్క ఏడు చూస్తే గొప్పవాడు, మొత్తం చూస్తే సగం ఓడినవాడు. మన బ్రతుకు లెక్కలు కూడా చాలామందివి ఇలాగే ఉంటాయి.

ప్రియ తల్లిదండ్రులారా, పరీక్ష తప్పిన కుమారుణ్ణి, పని పోయి ఇంటికి వచ్చిన అల్లుణ్ణి, “వీడింతే” అని పదిమందిలో అనకండి. 1996లో డిక్కీకి వెల కట్టినవారు అతని చేతిలో లేనిదాన్ని చూశారు. ఇంకా ఏమి కాగలడో వారికి కనబడలేదు. అలాగే మీ పిల్లలు ఏదైనా బాధ చెప్పుకోవడానికి వస్తే కసరకుండా, సిగ్గుపరచకుండా వినండి. వారు దాచుకున్న మాటే వారిని లోలోపల తినివేస్తుండవచ్చు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో యిర్మీయా 18వ అధ్యాయంలోని మొదటి ఆరు వచనాలు చదవండి. మీ ఇంట్లో ఇక పనికిరాడని అందరూ అనుకుంటున్న ఒకరి కొరకు పేరుపెట్టి ప్రార్థించండి. వీలైతే ఆ వ్యక్తిని మీ ప్రక్కనే కూర్చోబెట్టుకొని ప్రార్థించండి.