కుర్సురా తాతగారిని ఎవరడుగుతారు?



డిసెంబర్ వచ్చిందంటే మన బ్రాంచీల్లో వైజాగ్ స్టడీ టూర్ సర్క్యులర్ బయల్దేరుతుంది. కైలాసగిరి, జూ, ఆర్కే బీచ్, ఆ బీచ్ ఒడ్డునే కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం. గతేడాది ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లిన టీచర్లలో నేనూ ఉన్నాను. సబ్‌మెరైన్‌కు మా షెడ్యూల్లో ఉన్నది అరగంట. వంగి లోపలికి దూరడం, టార్పెడోల దగ్గర గ్రూప్ ఫొటో, పెరిస్కోప్ దగ్గర ఇంకో ఫొటో, మళ్లీ బస్సు. తిరిగొచ్చాక రాసిన రిపోర్టుల్లో పొడవు 91.3 మీటర్లు, టార్పెడోలు 22 అని దాదాపు అందరూ సరిగ్గానే రాశారు. లోపల అరగంటసేపు మాకు ఒక్కో గదీ చూపించి చెప్పిన పెద్దాయన గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. అక్కడ గైడ్లుగా ఉండేది రిటైరైన నేవీ వాళ్లే. వర్క్‌షీట్‌లో ఆయన కోసం గడి లేదు, కాబట్టి పిల్లలు రాయలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. యంత్రాన్ని మనం చాలా బాగా దాచుకున్నాం. దాన్ని నడిపినవాళ్ల జీవితాలను దాచుకోవడం లేదు. వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

చిన్న లెక్క వేద్దాం. కుర్సురా 1969 డిసెంబర్ 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో మన నేవీలో చేరింది. ఆ రోజు అందులో ఉన్న ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. అంతకు రెండేళ్ల ముందు, 1967 డిసెంబర్ 8న, మన మొట్టమొదటి సబ్‌మెరైన్ కల్వరి అక్కడే చేరింది. అందుకే డిసెంబర్ 8ని నేవీ సబ్‌మెరైన్ డేగా జరుపుకుంటుంది. ఆ తొలి బ్యాచ్‌లో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లను అడగడానికి మనకు మిగిలింది కొన్నేళ్లు మాత్రమే.

వాళ్లు చేసిన పని గురించి ఇంగ్లిష్ టీచర్‌గా నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. ఆ సబ్‌మెరైన్లలో మీటర్ల మీద, మాన్యువల్స్‌లో ఉన్నదంతా రష్యన్. మనవాళ్లు సోవియట్ యూనియన్ వెళ్లి ముందు ఆ భాష నేర్చుకుని, తర్వాత యంత్రం నేర్చుకున్నారు. తెలుగు మీడియంలో చదివి, నేవీలో ఇంగ్లిష్, హిందీ పట్టుకుని, ఆపైన మంచు దేశంలో కూర్చుని రష్యన్ అక్షరాలు దిద్దిన కుర్రాళ్లు కూడా ఆ నేవీలో ఉండే ఉంటారు. 'మా వాడు ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడటం లేదు మేడమ్' అని పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను అడిగే తల్లిదండ్రులకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

తిరుగు ప్రయాణం కూడా చిన్నదేం కాదు. 1967 యుద్ధం తర్వాత సూయజ్ కాలువ మూసేశారు. దాంతో కుర్సురా 1970లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్, స్పెయిన్‌లోని లా కొరునా, ఘనాలోని తకొరాడి, మారిషస్ మీదుగా ఆఫ్రికా ఖండాన్నంతా చుట్టి ఇంటికొచ్చింది. మన సోషల్ టెక్స్ట్‌బుక్‌లో సూయజ్ కాలువ ఉంది, మ్యాప్ పాయింటింగ్ కూడా ఉంది. అది మూసేస్తే ఏమవుతుందో చూసినవాళ్లు ఈ దేశంలోనే ఉన్నారని ఆ పాఠం చెప్పేటప్పుడు ఎవరం అనుకోం. 1971 యుద్ధంలో కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. మొత్తం 31 ఏళ్ల సర్వీసులో సుమారు 73,500 నాటికల్ మైళ్లు, అంటే భూమిని మూడుసార్లు చుట్టిన దానికంటే ఎక్కువ. 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. 2002 ఆగస్టులో మ్యూజియం అయింది.

ఇక లోపలి బతుకు. దాదాపు 75 మంది ఉండే చోటు అది. మనుషులు తిరిగే జాగా రైలు బోగీలో నడవంత కూడా ఉండదు. డీజిల్ ఇంజన్లు నడిచేటప్పుడు ఆ గదుల్లో వేడి చెప్పనలవి కాదు. నీళ్ల కింద ఉన్నప్పుడు నడిపేది బ్యాటరీలు. వాటిని చార్జ్ చేసుకోవడానికి పైకి తేలడమో, గొట్టమొక్కటే నీటిపైకి పెట్టి గాలి పీల్చుకోవడమో చేయాలి. తాగే నీళ్లు కొలిచి వాడాలి కాబట్టి స్నానాలు, బట్టలుతకడం దాదాపు లేనట్టే. అందుకే ఒకసారి తొడిగి పారేసే బట్టలు ఇచ్చేవారు. ఛాతీ మీద డాల్ఫిన్ల బ్యాడ్జి రావాలంటే తన పని ఒక్కటీ తెలిస్తే సరిపోదు. ఏడు కంపార్ట్‌మెంట్లలో ఏ వాల్వ్ ఎక్కడుందో, ఏ పైపు ఎటు పోతుందో చెప్పి పరీక్ష నెగ్గాలి. వంటవాడైనా అంతే. ప్రమాదం వస్తే ఎవరు ఎక్కడుంటే అక్కడ వాళ్లే దిక్కు మరి.

ఈ వేడి, నీళ్ల కరువు అన్నీ ఆ రోజు గైడ్ గారు చెప్పారు. టూర్ అయిన వారానికి ఒక అమ్మాయి స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. ఆలమూరు వైపు ఓ ఊరు వాళ్లది. వాళ్ల తాతగారు నేవీలో చేసి వచ్చి, మూడేళ్ల క్రితం పోయారు. 'మా తాతయ్య చెంబెడు నీళ్లతో స్నానం చేసేవారండి. ఇంటి వెనకే కాలవ, బోరు కూడా ఉంది. అయినా అంతే. మామ్మ పిసినారి అని తిట్టేది. తాతయ్య సబ్‌మెరైన్‌లో చేశారాండీ?' అని అడిగింది. ఇంటికెళ్లి కనుక్కోమన్నాను. మర్నాడు వచ్చి అవునని చెప్పింది. మామ్మగారికి తెలుసు. 'ఓడ' అని ఊరుకునేవారట, ఎవరూ ఇంకేం అడగలేదు కనుక. ఆయన పోయాక ఆ ఇనప పెట్టెలో కాయితాలు, యూనిఫాం, రష్యా నుంచి తెచ్చుకున్న ఒకటి రెండు వస్తువులు ఏమయ్యాయని అడిగితే, ఇల్లు సున్నం వేయించేటప్పుడు పాత సామాన్లవాడికి ఇచ్చేశారని తేలింది. పెట్టెతో సహా.

ఆ కుటుంబాన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మన గోదావరి జిల్లాల్లో ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఎందులో చేసినా 'మిలటరీ ఆయన' అనే అంటాం. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం సంగతి వేరు. దాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు, తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్లిన ఊరు. అక్కడ పిల్లలకు ఎవరి తాత ఏ యుద్ధంలో ఉన్నాడో చెప్పడానికి ఊరంతా ఉంది. సబ్‌మెరైన్ వాళ్లకు అలాంటి ఊరు లేదు. ఒక్కొక్కరు ఒక్కో ఊరి నుంచి వెళ్లారు, ఒక్కో ఊరికి తిరిగొచ్చారు. పైగా వాళ్ల ఉద్యోగమే నోరు విప్పకూడని ఉద్యోగం. ఎక్కడికి వెళ్తున్నారో భార్యకు చెప్పకూడదు, ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు. ఇరవై ఏళ్లు అలా గడిపిన మనిషి రిటైరై వచ్చి అరుగు మీద కూర్చుని కథలు చెబుతాడనుకోవడం అత్యాశే. చివరికి సెంటర్లో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద 'ఎక్స్ సర్వీస్‌మన్' అని రెండు ముక్కలు. ఫ్లెక్సీ మాత్రం పెద్దదే కడతాం, మన జిల్లాల సంగతి తెలిసిందే కదా.

మన పిల్లలకు సబ్‌మెరైన్ అంటే 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా. మంచి సినిమానే. కానీ పిల్లలకు గుర్తున్నది రానా. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఇప్పటికీ అక్కడే సముద్రం అడుగున ఉంది, తొంభై మందికి పైగా సిబ్బందితో. శత్రువులే. అయినా వాళ్ల ఇళ్లలోనూ ఎవరో ఎదురుచూశారు. ఆ శిథిలాన్ని మన నేవీ కదిలించకుండా వదిలేసింది. నీళ్ల కింద పనిచేసేవాళ్లకు ఒకరి కష్టం ఒకరికి తెలుస్తుంది కాబోలు.

యుద్ధం లేని రోజుల్లోనూ ఆ ఉద్యోగంలో ప్రాణాలు పోతాయి. 2013 ఆగస్టు 14న, స్వాతంత్ర్య దినోత్సవానికి ఒక్కరోజు ముందు, ముంబై డాక్‌యార్డ్‌లో సింధురక్షక్ సబ్‌మెరైన్ పేలి 18 మంది చనిపోయారు. విశాఖ కుర్రాళ్లూ వారిలో ఉన్నారు. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉన్న పిల్లలు అప్పటికి ఒళ్లో పసివాళ్లు. వాళ్లకు ఈ పేరే తెలియదు. అమెరికాలో రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిరాని 52 సబ్‌మెరైన్ల కోసం మాజీ సిబ్బంది ఏటా చేరి ఒక్కో పేరూ చదువుతారు, పేరుకొక గంట కొడతారు. అవి మునిగిపోయాయని అనరు, ఇంకా గస్తీలోనే ఉన్నాయంటారు. అంతకంటే పెద్ద హంగామా ఏమీ ఉండదు. మన బడిలో గంటకు కొదవా? ఎలక్ట్రిక్ బెల్ అయితేనేం.

ఇదంతా స్టాఫ్‌రూమ్‌లో అంటే ఒక సీనియర్ సార్ అడ్డం తిరిగారు. 'యుద్ధంలో చనిపోయినవాళ్లను గుర్తుచేసుకుంటాం, న్యాయం. జీతం తీసుకుని, పెన్షన్ తీసుకుని, మంచం మీద పోయినవాళ్లను కూడానా? అలాగైతే ఆర్టీసీ డ్రైవర్ గురించీ రాయించాలి' అన్నారు. రాయించాల్సిందే అంటాను నేను. అది వచ్చే ఏడాది ప్రాజెక్ట్. ఆర్టీసీ డ్రైవర్ ఏం చేశాడో ఊరికి తెలుసు, బస్సు రోడ్డు మీదే నడిచింది. సబ్‌మెరైన్ మనిషి చేసింది ఎవరికీ కనబడలేదు, కనబడితే అది వాళ్ల ఓటమి. అందుకని అతను పోకముందే, పోతే అతని ఇల్లాలు ఉండగానే, అడిగి తీరాలి. ప్రాణం పెట్టినవాళ్లనే తలచుకుంటాం అంటే, బతికి తిరిగి రావడానికి రోజూ జాగ్రత్తగా పనిచేసినవాళ్లకు మనమిచ్చే విలువ ఏమిటి? నా దృష్టిలో పిల్లలు నేర్చుకోవాల్సింది ఆ జాగ్రత్తే.

రెండో అభ్యంతరం మీలో కొందరిది: సిలబస్, మార్కులు. ఏటా జనవరి 26కి సైనికుడి వేషానికి అద్దె డ్రెస్సు, ప్లాస్టిక్ తుపాకీ, బూట్లు, మేకప్ అని మీరు పెట్టే డబ్బు, సమయం తక్కువేం కాదు. అందులో సగం సమయం చాలు. బీఈడీలో ప్రాజెక్ట్ మెథడ్ గురించి పరీక్షలో పేజీలకు పేజీలు రాశాం. ఒక మనిషి జీవితాన్ని అడిగి తెలుసుకుని ఒక పేజీలో రాయడం కంటే మంచి ప్రాజెక్ట్ నాకైతే తట్టడం లేదు. లాంగ్వేజ్ మార్కులు కూడా అందులోనే వేయొచ్చు.

కాబట్టి ఈ సంక్రాంతి సెలవులకు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు నేను ఇవ్వబోయే పని ఇది. ఎలాగూ అమ్మమ్మ, నాయనమ్మల ఊళ్లకు వెళ్తారు. మీ బంధువుల్లోనో ఊళ్లోనో నేవీలో చేసినవాళ్లు ఎవరున్నారో మీరే చెప్పగలరు. సబ్‌మెరైన్ వాళ్లు దొరికితే సరే, లేకపోతే ఓడ మీద చేసినవాళ్లయినా సరే. మన నది పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ గోదావరి యుద్ధనౌక 1983 నుంచి 2015 వరకు నడిచింది, అందులో చేసినవారు తగిలితే ఇంకా సంతోషం. ఆయన లేకపోతే మామ్మగారిని అడగండి. ఉత్తరాలు ఎన్నాళ్లకొచ్చేవి, పురుడు సమయానికి ఆయన ఇంట్లో ఉన్నారా, తిరిగొచ్చినప్పుడు బట్టలకు ఏ వాసన వచ్చేది, ఇవి ఆవిడకే తెలుసు. ఎక్కడెక్కడ గస్తీ తిరిగారు, ఏ ఆయుధం ఎలా పనిచేస్తుంది లాంటివి పిల్లల చేత అడిగించకండి. చెప్పకూడనివి వాళ్లు చెప్పరు, ఇబ్బంది పడతారు. ఏం తిన్నారు, ఎలా నిద్రపోయారు, దేనికి భయపడ్డారు అని అడిగితే చాలు. కాయితాలు పోయి ఉంటే, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుల కుటుంబాల వివరాలు ఉంటాయి. పెన్షన్ పని మీద వెళ్లినప్పుడు అక్కడ ఆయన తోటివాళ్లెవరైనా ఎదురుపడొచ్చు కూడా.

వైజాగ్ టూర్ షెడ్యూల్లో కుర్సురాకు అరగంట బదులు గంటన్నర అడిగాను, ఒప్పుకున్నారు. జూ కొంచెం తగ్గుతుంది. వర్క్‌షీట్‌లో మొదటి ప్రశ్న ఈసారి గైడ్ గారి సొంత ఊరు, ఏ ఏడు నేవీలో చేరారు అన్నది.

పేజీ తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా మార్కులు ఒకటే. ఇంట్లోవాళ్లు వద్దంటే పేరు రాయక్కర్లేదు. పాత ఫొటోలు ఒరిజినల్ పంపొద్దు, ఫోన్‌లో తీసి పంపండి చాలు. సెలవుల తర్వాత తెరిచిన మొదటి వారంలో క్లాస్ టీచర్‌కి ఇవ్వండి. ఇంట్లో ఇనప పెట్టె ఏదైనా ఉంటే మాత్రం, భోగి మంటకో పాత సామాన్లవాడికో వేసేముందు ఒకసారి తెరిచి చూడండి.