వంటింటి అరలు, వడ్రంగి కూలి

పాత యింటిని బాగుచేయించుకొను మధ్యతరగతి గృహస్థుడు వంటగది దగ్గఱకు వచ్చుసరికి చేతిలోని ధనము చాలవఱకు వ్యయమై యుండుట సాధారణము గనుక, చదరపుటడుగునకు తక్కువ ధర చెప్పినవానికే పని యప్పగించుచున్నాడు; కాని అరల ముఖభాగమును మాత్రమే కొలిచి చెప్పిన ధరకును, లోపలి పలకలన్నిటిని విప్పి కొలిచి చెప్పిన ధరకును పోలికయే లేదు.

తలుపుల నిగనిగకు మురియుటకంటె, సింకు క్రింది పెట్టె దేనితో చేయబడుచున్నదో విచారించుట మేలు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు, అంచుపట్టీ యూడినచోట నీరు పీల్చి యుబ్బును; ఉబ్బినది మరల పూర్వరూపమునకు రాదు, స్క్రూలు పట్టు విడుచును. ఐ.ఎస్. (భారతీయ ప్రమాణము) 710 ముద్రగల ప్లైవుడ్డు మరుగునీటి పరీక్షకు తాళునది. దానిని గట్టు క్రింది అరలకు వాడి, నీరు తగులని పైయరలకు ఐ.ఎస్. 303 రకముతో సరిపెట్టుకొన్నచో ఖర్చు తగ్గును. గ్రానైటు గట్టును, కుళాయిని ఉన్నచోటనే యుంచుకొన్న మఱింత తగ్గును.

పనివాని కూలిలో మాత్రము బేరము తగదని నా దృఢాభిప్రాయము. కూలి కోసినచోట కొలత తప్పును, తలుపు వంగును. రెండు వానకాలములు గడచిన అతని పాతపనిని చూచి, అచటి సొరుగును బరువుతో లాగి, సింకు క్రింద చేయిపెట్టి తడిమి, ఆ యింటి యిల్లాలిని అడిగి తెలిసికొనవలయును. ఒప్పందమున పలక రకము, మందము, బందుల పేరు వ్రాయించి, సొమ్ములో కొంత భాగమును తలుపులన్నియు సరిగా మూసికొనువఱకు నిలిపియుంచుట ఉభయులకును న్యాయము.