కారుకు గవాచి కావాలా?

"మామా, సన్‌రూఫ్ ఉన్నది తీసుకోమంటావా, లేనిది తీసుకోమంటావా? ఒక్క మాట చెప్పు."

ఎమ్మిగనూరు నుంచి మా అక్క కొడుకు ఫోన్. పొద్దున ఏడు కూడా కాలేదు. వాడిది బట్టల అంగడి. ఇన్నేళ్లూ ఎవరో వాడి వదిలేసిన కారుతోనే నెట్టుకొచ్చాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కదా, ఆ ధైర్యంతో మొదటిసారి కొత్త బండి కొంటున్నాడు.

"కొనేది నువ్వు, నన్నడుగుతావేందిరా?" అన్నాను.

"ఇంట్లో మూడు పార్టీలైనాయి మామా. పాప సన్‌రూఫ్ లేకుంటే కారే వద్దంటాంది. మీ కోడలేమో, వాళ్ల చెల్లెలు కారుకుంది, మనకు లేకుంటే ఎట్లా అంటాంది. నాయనేమో, మన ఊర్లో ఎండకేం కరువొచ్చిందిరా, లక్ష రూపాయలిచ్చి నెత్తి మీదికి తెచ్చుకోవాల్నా అంటాండాడు."

మా బావ మాట వినగానే నవ్వొచ్చింది. ఆ మాటలో అన్యాయం కూడా ఏమీ లేదు. వాడికి షోరూములో రాసిచ్చిన కాగితం ప్రకారం పైకప్పు తెరుచుకునే రకానికీ, తెరుచుకోని రకానికీ తేడా లక్షా పదివేలు.

పదేళ్ల కిందట ఈ గొడవ మన ఇళ్లలో లేదు. హోండా సిటీ పై రకాల్లో సన్‌రూఫ్ వచ్చినప్పుడు అది డబ్బున్నవాళ్ల ముచ్చట. 2019లో వెన్యూ, ఎక్స్‌యూవీ 300 లాంటి చిన్న ఎస్‌యూవీల్లోకి దిగింది. 2022లో బ్రెజాకొచ్చింది. 2023కల్లా ఎక్స్‌టర్, ఆల్ట్రోజ్ దాకా పాకింది. ఇప్పుడు పెళ్లి మాటల్లో కూడా అబ్బాయి కారుకు పైన తెరుచుకుంటుందా అని అడిగేవాళ్లున్నారు.

నాకు మాత్రం ఆ మాట వింటే ఆదోనిలో మా అవ్వగారి మట్టి మిద్దె గుర్తుకొస్తుంది. దూలాలు, వాటి మీద కట్టెలు, ఆ పైన చౌడుమట్టి. నడిమధ్యలో ఒక గవాచి. వెలుతురు లోపలికి రావడానికి, పొయ్యి పొగ బయటికి పోవడానికి. ఎంత ఉండేదనుకున్నారు? జానెడు, మహా అయితే జానెడున్నర. అందులోంచి పడే ఎండ పళ్లెమంత గుండ్రంగా నేల మీద జరుగుతూ పోయేది. అది రోటి దగ్గరికొస్తే అవ్వ సంగటికి ఎసరు పెట్టేది. వాన చినుకు పడిందంటే ఎవరో ఒకరు నిచ్చెనెక్కి దాని మీద బండ మూయాల్సిందే. మరిచిపోతే వంటింట్లో మడుగే. నేనొకసారి మరిచిపోయి తిన్న తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

పెద్ద గవాచి పెట్టుకోవడం చేతగాక వాళ్లు జానెడు పెట్టుకోలేదు. ఈ ఎండకు అంతకంటే పెద్దది పెడితే ఇంట్లో ఉండలేమని తెలిసి పెట్టుకున్నారు. ఇప్పుడు కార్లవాళ్లు పానరోమిక్ అని ముందు సీటు నుంచి వెనక సీటు దాకా మొత్తం అద్దమే పరుస్తున్నారు.

ఫోన్‌లో వాడిని ఒకటే అడిగాను. "కారు ఎందుకు కొంటాండావురా?"

కాసేపు మాట్లాడలేదు. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. మా బావ మూడు వారాలకొకసారి కర్నూలుకు పోయి మందు ఎక్కించుకొని రావాలి. క్యాన్సర్ అనే మాట ఆ ఇంట్లో ఎవరూ పలకరు. పాత కారులో ఏసీ సరిగ్గా పనిచేయదు. పొద్దున చీకటితో బయల్దేరితే తిరుగు ప్రయాణం మధ్యాహ్నం రెండుకో మూడుకో పడుతుంది. కోడుమూరు, గోనెగండ్ల మీదుగా 70 కిలోమీటర్లకు అటూ ఇటూ. కడుపులో తిప్పుతూ ఉంటే ఆ మనిషి వెనక సీట్లో పడుకొని వస్తాడు. ఏప్రిల్, మే నెలల్లో ఆ దారి ఎట్లుంటుందో మన పడమటి ఊర్లవాళ్లకు చెప్పనక్కర్లేదు. చెట్టు నీడ కూడా వేడిగానే ఉంటుంది.

అందుకని ఈ లెక్క వెనక సీట్లో పడుకున్న మనిషి వైపు నుంచి చూడాలి. మామూలు కప్పు అయితే రేకు కింద మెత్త ఉంటుంది, అది కొంత వేడిని ఆపుతుంది. అద్దమైతే రంగు అద్దమే అయినా, అదే కాగిపోయి కిందికి సెగ కొడుతుంది. లోపల తెర ఉంటుంది, నిజమే. కొన్ని బండ్లలో అది గట్టి అట్టలాంటిది, పర్వాలేదు. కొన్నిట్లో చుట్టుకునే పల్చని గుడ్డ. దానికంటే ఎమ్మిగనూరు దుప్పటి నయం! ఏసీ గాలిని చల్లబరుస్తుంది గానీ, నడినెత్తిన పడే సెగను ఆపలేదు. పొయ్యి ముందు కూర్చొని ఫ్యాన్ వేసుకున్నట్టుంటుంది.

ఇంకోటి ఎత్తు. ఆ యంత్రమంతా కప్పులోనే ఇరికించాలి కాబట్టి చాలా బండ్లలో తల దగ్గర కొంత జాగా తగ్గుతుంది. మా బావ ఆరడుగుల మనిషి.

అట్లని దాన్ని పూర్తిగా తీసిపారేయను. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కేటప్పుడు సన్‌రూఫ్ వెనక అంచు కొంచెం పైకి లేపితే లోపలి వేడిగాలి ఇట్టే పోతుంది. ఆ సుఖం నేను అనుభవించాను. డిసెంబరు సాయంత్రం మెల్లగా పోతుంటే తెరుచుకోవడం బాగుంటుంది. వేగం పెరిగితే మాత్రం చెవుల్లో దబదబమని ఒకటే మోత. సంవత్సరంలో అట్లాంటి సాయంత్రాలు మనకెన్ని, అన్నదే నా సందేహం.

దుమ్ము సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. సన్‌రూఫ్ చుట్టూ ఒక కాలువ ఉంటుంది, దాని మూలల నుంచి సన్నని గొట్టాలు తలుపు స్తంభాల్లోంచి కిందికి దిగుతాయి. వాన నీళ్లు వాటిలోంచే పోవాలి. మనదేమో నల్లరేగడి దుమ్ము. పత్తి కాలంలో ఆదోని మార్కెట్ యార్డుకు పోయే బండ్ల వెనక నడిపి చూడండి, దూది నూగు ఎక్కడెక్కడ చేరుతుందో. దుమ్మూ నూగూ కలిసి ఆ గొట్టాల్లో ముద్దకట్టిందంటే, జూన్‌లో మొదటి గట్టి వానకు కప్పు లైటులోంచి నీళ్లు కారతాయి. బండరాయి పగలగొట్టిన అద్దానికి సమగ్ర బీమా ఉంటే తరుగుదల కోయకుండా ఇస్తారు. శుభ్రం చేసుకోక కారిన నీళ్లకు బీమా పైసా ఇవ్వదు. ఇప్పటికే సన్‌రూఫ్ ఉన్నవాళ్లు మే నెలాఖరులో ఒక పని చేయండి. తడిగుడ్డతో రబ్బరంచులు, కాలువ తుడిచి, మూలల్లో కొద్దికొద్దిగా నీళ్లు పోసి కిందికి కారుతున్నాయో లేదో చూడండి. ఇనుప తీగ మాత్రం దూర్చకండి, లోపల గొట్టం ఊడితే కప్పు మెత్త మొత్తం తీయాల్సి వస్తుంది.

ఇక పాప. ఆ పిల్ల అడిగేది అద్దం కాదు, అందులోంచి పైకి లేచి నిలబడటం. జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు పోయేటప్పుడు ఎవరి కారులోంచో పిల్లలు తలలు బయటపెట్టి కేకలేస్తుంటే చూసింది. 2025 సెప్టెంబరులో బెంగుళూరులో అట్లాగే నిలబడిన ఒక పిల్లవాడి తల, పెద్ద బండ్లు రాకుండా రోడ్డుకు అడ్డంగా పెట్టిన ఇనుప కమ్మీకి కొట్టుకుంది. వీడియో చాలామంది చూసే ఉంటారు. మన దారుల్లో కమ్మీలు అక్కర్లేదు. వేలాడే కేబుల్ తీగ, వంగిన వేపకొమ్మ, ఉన్నట్టుండి అడ్డమొచ్చే ఎనుము చాలు. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు పెట్టకుండా తీసుకుపోతే 2019 సవరణ ప్రకారం 1,000 రూపాయల జరిమానా. అది వేసేవాళ్లు మన దగ్గర తక్కువ, ఆ ధైర్యమే చెడ్డది.

"అయితే లేనిదే తీసుకుందాం మామా" అన్నాడు. అంత తేలిక కాదని వాడే రెండో రోజు మళ్లీ ఫోన్ చేశాడు. వాడు చూసిన బండిలో వెనక సీటుకు ఏసీ గాలి రావాలంటే సన్‌రూఫ్ ఉన్న రకమే కొనాలట. బియ్యం కావాలంటే బెల్లం కూడా కొనాలన్నట్టు! ఇదీ కంపెనీల తెలివి. మనకు అవసరమైన దాన్ని మనకు ముచ్చటైన దానితో ముడేస్తారు. ఇంకో రెండు కంపెనీల పట్టికలు వేలు పెట్టి చదవమన్నాను. ఒకదాంట్లో దొరికింది, వెనక ఏసీ ఉండి సన్‌రూఫ్ లేని రకం. ధర మధ్యస్థం.

"టెస్ట్ డ్రైవ్‌కు సాయంత్రం పోవద్దు. మధ్యాహ్నం రెండుకు పో. నాయనను వెనక సీట్లో పండుకోబెట్టు. రెండు బండ్లూ చూడు."

పోయారు. సన్‌రూఫ్ ఉన్నదాంట్లో తెర తీయగానే పాప చప్పట్లు కొట్టిందట. బావ పది నిమిషాలు ఓర్చుకొని, మొహం మీద కండువా కప్పుకొని, "మూయండ్రా" అన్నాడట. రెండో బండిలో గోనెగండ్ల దారిలో కొంతదూరం పోయేసరికి నిద్రపోయాడట. బుకింగ్ అదే అయింది.

పాప రెండు రోజులు తాతతో మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి బావ చాప, దిండు చంకలో పెట్టుకొని, "రామ్మా, మిద్దె మీద పండుకుందాం. నీకు కావాల్సినంత ఆకాశం చూపిస్తా, ఒక్క పైసా కట్టనక్కర్లేదు" అని పిలిచాడు.

అది చాప మీద కూర్చొని కాసేపు పైకి చూసి, "కానీ మిద్దె పోదు కదా తాతా" అందట.