విడిచిన చేప బ్రతికినదా?

గాలము వేయుట వినోదముగాఁ గలవారు కొందఱు, "మేము చేపను జంపము, పట్టి విడిచెదము" అని గర్వింతురు. విడుచుట మంచిదే. కాని నీట మునిగిన ప్రతి చేపయు బ్రతికినదని చూచినవారెవరు? చాలసేపు పెనఁగి యలసినదానిని గట్టునఁ బెట్టి, పొడిచేతులతో నెత్తి, ఛాయాచిత్రము తీయువఱకు నూపిరాడనీయక, పిదప దయతో విడుతురట! పొట్టకై పట్టు బెస్త చంపును. అతనిని మాత్రము మనము క్రూరుఁడందుము.

పొడిచేయి తగిలినచో చేప యొడలి జిగురుపొర చెదరి తెగుళ్లు సోఁకును. వేసవి నీటిలోఁ బ్రాణవాయువు తక్కువ, అలసినది తేఱుకొనఁజాలదు. కావేరిలోను దాని యుపనదులలోను దక్క మఱెచ్చటను లేని మూపురపు మహసీరు 2018లో అత్యంత విపన్నజాతిగాఁ బ్రకటింపఁబడినది. అట్టి జాతిలో నొక్కటి చచ్చినను నష్టమే. ఎదురుముల్లు లేని గాలము, తడిచేతులు, నీటిలోనే విడిపించుట, ఇంతమాత్రపు టోర్పు లేనివారు గాలము ముట్టరాదని మా వాదము. ఎండలు ముదిరిన దినములలో నోర్పుగలవారును ఇంటనుండవలయును.