ఆస్మాన్ మీద మనకూ హక్ ఉంది

షాబాన్ 29 సాయంత్రం. మగ్రిబ్ కాగానే మా బిడ్డ చెయ్యి పట్టుకుని మాదాపూర్‌లో మేముండే బిల్డింగ్ ఛత్ ఎక్కిన. పడమర దిక్కున అన్నీ రాయదుర్గం టవర్లే. ‘అబ్బా, చాంద్ ఏదీ?’ అని బిడ్డ అడుగుతుంటే నేను వెతుకుతూనే ఉన్న. ఇంతల ఫోన్‌లో ‘చాంద్ ముబారక్’ మెసేజ్‌లు షురూ అయినయ్. ఎవరో ఎక్కడో తీసిన ఫోటో. ‘వచ్చింది బేటా’ అని చూపించిన. బిడ్డ ఫోన్ చూసింది, ఆస్మాన్ చూసింది. ‘మరి మనకెందుకు రాలే?’ అంది.

ఆ సవాల్‌కు జవాబ్ వెతుక్కుంటనే రోజూ ఛత్ ఎక్కుడు అలవాటైంది. చాంద్‌కు టవర్లు అడ్డం. ఇషా తర్వాత సితారలకు రోష్నీ అడ్డం.

మన షహర్‌కు ఆస్మాన్ పరాయిది కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో షురూ చేసిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది. పలు దేశాలు కలిసి ఆస్మాన్ నక్షా తయారుచేస్తుంటే, మన వంతు ముక్కను అక్కణ్నుంచే గాజు పలకల మీద ఫోటోలు తీసి, లక్షల సితారల జాడలు రాసిపెట్టిన్రు. హైటెక్ సిటీకి అది ఎంతో దూరం కాదు. ఇంకా వెనక్కి పోతే, అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ 964లో రాసిన సితారల కితాబ్‌లో ఒక చిన్న మబ్బు తునకను గుర్తుపెట్టిండు. ఇయ్యాల దాన్ని ఆండ్రోమెడా గెలాక్సీ అంటున్నం. ఆయన దగ్గర దూర్బీన్ లేదు. కళ్లున్నయ్, అంధేరా ఉంది.

నా దగ్గరున్నది మామూలు ఫోన్, ఒక 10×50 బైనాక్యులర్. బైనాక్యులర్‌ను పిట్టగోడకు ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుగ్రహం పక్కన చిన్న చుక్కలు కనిపిస్తయ్. 1610లో గెలీలియో చూసిన చందమామలు అవే. చలికాలంలో కృత్తికలు చూపించిన బిడ్డకు. వాటినే మనం సురయ్యా అంటం. పక్కనున్న ఎర్ర సితార రోహిణి, అరబ్బీలో అల్ దబరాన్. ఇక్కడి నక్షత్రాల లెక్కలో కృత్తిక మూడోది, రోహిణి నాలుగోది. అరబ్బుల చాంద్ మంజిళ్ల లెక్కలోనూ సురయ్యా మూడోది, దబరాన్ నాలుగోది. జబాన్‌లు వేరు, ఆస్మాన్ ఒక్కటే.

ఫోటో కూడా ముష్కిల్ కాదు. ఫోన్‌ను కదలకుండా ఆనించి, ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 800, పది సెకండ్లు, మూడు సెకండ్ల టైమర్. నొక్కినప్పుడు ఊగదు. పూర్తి చాంద్ అయితే వెలుగు బాగా తగ్గించాలె, లేకుంటే తెల్ల ముద్దే వస్తది. ఇదే లెక్కతో వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో తీసిన ఫోటోలో సితారలు లెక్కపెట్టలేకపోయిన. మా ఛత్ మీద తీసినదాంట్లో పదికి మించలే. అదే ఫోన్, అవే పది సెకండ్లు. చాంద్ చూసినోళ్ల షహాదత్ అడుగుతం గదా, ఈ రెండు ఫోటోలు నా షహాదత్.

‘రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చే ఆడపిల్లలకు లైట్లు వద్దా?’ అని ఒక దోస్త్ అడిగిండు. ఎందుకొద్దు, జరూర్ కావాలె. వాళ్ల కాళ్ల ముందు, బస్టాప్‌లో, సందుల్లో కావాలె. అక్కడ ఇంకా చీకటే ఉంది. నేనంటున్నది ఆస్మాన్ దిక్కు కొట్టే లైట్ల గురించి. ఎవరూ లేని అంతస్తుల్లో తెల్లవార్లూ వెలిగేవి, సగం రాత్రి దాటినా ఆరని హోర్డింగులు. ఆ రోష్నీ ఏ బిడ్డకూ దారి చూపదు. దీపానికి పైన మూత పెట్టి కిందికి వంచితే సడక్ ఇంకా బాగా కనిపిస్తది, బిల్లూ తగ్గుతది. హవా, పానీ ఖరాబైతే అడుగుతం. ఆస్మాన్ పోతే మాత్రం చుప్‌గా ఉంటం.

వచ్చే 29కి మీరూ ఛత్ ఎక్కండి, పిల్లల్ని తీసుకెళ్లండి. ఫార్వర్డ్ వచ్చేదాకా ఆగకండి. చాంద్ కనిపిస్తే ఫోటో తీయండి. కనిపించకపోతే, అడ్డమేముందో దాని ఫోటో తీయండి. అదీ షహాదతే.